బటన్ వదలని బావతో అనంతగిరికి

అనంతగిరి కొండలకు వెళ్ళొచ్చిన వాళ్ళు పొగమంచు గురించి, పచ్చదనం గురించి చెబుతారు. నేను నా కోపం గురించి చెబుతాను. కొండల మీద నాకే ఫిర్యాదూ లేదు. అవి బాగున్నాయి, గాలి బాగుంది, జొన్నరొట్టె అంతకన్నా బాగుంది. ఫిర్యాదంతా చేతిలో వాకీటాకీ పెట్టుకుని దాన్ని ఎలా వాడాలో తెలుసుకోవడం నామోషీ అనుకునే మనుషుల మీద. అలాంటి వాళ్ళలో ఒకరు మా ఇంటి అల్లుడు కావడం నా దురదృష్టం.

ముందు అసలు సంగతి. మా అమ్మ రెండు పూటలా ఇన్సులిన్ సూది వేసుకుంటుంది. సూది వేసుకున్నాక తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, మాట ముద్దగా వస్తుంది. అప్పుడు ఆలోచించే వ్యవధి ఉండదు, నోట్లో తీపి పడాలి. మేం వెళ్ళబోయే లోయలో ఫోన్లు పనిచేయవని వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పారు. నేను గచ్చిబౌలిలో వైర్‌లెస్ పరికరాలు పరీక్షించే ఉద్యోగం చేస్తాను కాబట్టి, ఫోను లేని చోట ఏం చేయాలో నాకు తెలుసు. వాకీటాకీలు కొందామన్నాను.

కోఠి, కొనుగోలు

కోఠిలో ఒక దుకాణదారు నా చేతిలో ఇటుక బరువున్న సెట్టు పెట్టాడు.

"ఇది తీస్కో అన్నా. పది కిలోమీటర్లు కొడ్తది. పోలీసోళ్ళ మాటలు గూడ ఇనొచ్చు."

లైసెన్సు సంగతేమిటని అడిగాను. అడవిలో ఎవడు చూస్తాడు, ఫికర్ చెయ్యకు అన్నాడు. అదే అతని సమాధానం మొత్తం. మన దేశంలో లైసెన్సు లేకుండా మామూలు జనం వాడుకోవడానికి 446 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక చిన్న పట్టీ వదిలారు. అందులో పనిచేసే, ప్రభుత్వ ఆమోదం ఉన్న, తక్కువ శక్తి సెట్లయితే ఎవరైనా వాడొచ్చు. అంతకు మించినవి వాడితే పోలీసుల మాటలో, అంబులెన్సు మాటలో మన మాట అడ్డం పడొచ్చు. ఇవన్నీ అతనికి తెలుసు. తెలిసే అమ్ముతున్నాడు. నేను బయటికి వస్తుంటే ఒక తండ్రి అదే సెట్టును పిల్లాడి పుట్టినరోజు కానుకగా బేరమాడుతున్నాడు.

ఆమోదం ముద్ర ఉన్న చిన్న సెట్లు మూడు వేరేచోట దొరికాయి. వాటి పెట్టె మీద కూడా అబద్ధమే ఉంది. ఎనిమిది కిలోమీటర్లట. పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటు పద్నాలుగో అంతస్తు నుంచి కింద కార్లు నిలిపే చోటికే మాట అందలేదు. ఆ ఎనిమిది కిలోమీటర్లు ఏ సముద్రం మీద కొలిచారో పెట్టె మీద రాయలేదు.

పుప్పాలగూడ, పాఠం

ఈ సెట్లన్నీ ఒకటో ఛానెల్ మీద అమ్ముతారు. కొన్నవాళ్ళెవరూ దాన్ని మార్చరు. మేం ఆన్ చేయగానే పక్కన కడుతున్న టవర్ మీది మేస్త్రీ "ఇసుక పంపు, ఇసుక పంపు" అని మా హాల్లోకి వచ్చేశాడు. నేను ఏడో ఛానెల్‌కు మార్చి, అందరినీ కూర్చోబెట్టి చెప్పాను.

చెప్పింది ఎక్కువేమీ కాదు. బటన్ నొక్కి ఒక ఊపిరి ఆగి మాట్లాడాలి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. సెట్టును నోటికి జానెడు దూరంలో నిటారుగా పట్టుకోవాలి. మాట అయిపోగానే బటన్ వదలాలి. ఇది ఫోను కాదు, ఒకే దారి ఉన్న ఇరుకు వంతెన. ఒకరు నొక్కి ఉంచినంతసేపూ వాళ్ళకేమీ వినపడదు, మిగతా వాళ్ళు అరిచినా గోడకు చెప్పుకున్నట్టే. పేర్లు, ఇంటి వివరాలు చెప్పకూడదు, ఎందుకంటే అదే ఛానెల్ మీద ఎవరైనా వినొచ్చు. బండి నడిపేవాళ్ళు సెట్టు ముట్టుకోకూడదు.

మా అక్క సునీత శ్రద్ధగా విన్నది. అక్క కూతురు మేఘన పదేళ్ళది, నాకంటే బాగా అప్పజెప్పింది. బావ ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. బావది తెనాలి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ప్రాజెక్టు మేనేజరు. ఉదయం కాల్‌లో చేరితే సాయంత్రం దాకా అందులోనే ఉంటాడు. భోంచేస్తాడు, నడుస్తాడు, మెట్లు దిగుతాడు, చెవిలో కాల్ మాత్రం తెగదు.

"సింపులేగా బావమరిదీ. దీనికింత ట్రైనింగ్ సెషన్ ఎందుకు?" అన్నాడు.

ఔటర్ రింగ్ రోడ్డు

శనివారం పొద్దున బయల్దేరాం. బావకు ఆదివారం రాత్రి ఆఫీసులో ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, అవసరమైతే ముందే వెనక్కి రావాలన్నాడు. అందుకే రెండు కార్లు. ముందు కారులో బావ, అక్క, అమ్మ. వెనక నేను, మేఘన. కారుకొక సెట్టు, మూడోది నడకలో వాడుకోవడానికి.

నార్సింగి దగ్గర రింగ్ రోడ్డు ఎక్కీ ఎక్కగానే బావ ఒక చేత్తో స్టీరింగ్, రెండో చేత్తో సెట్టు పట్టుకుని, దాన్ని ఫోనులా చెవికి ఆనించుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. నోరు ఒకచోట, మైకు ఒకచోట. ఒక్క ముక్క అర్థం కాలేదు. కారు మాత్రం ఆ వరస నుంచి ఈ వరసకు ఊగుతోంది. మేఘన చేత చెప్పించాను: నాన్నా, సెట్టు అమ్మకివ్వు. మూడోసారికి అక్క చేతికిచ్చాడు.

తరవాత తప్పు మేఘనది. ఉత్సాహంలో, నేను వారించేలోపు, తన పేరు, మా టవర్ పేరు, ఫ్లాట్ నంబరు గడగడా చెప్పేసింది. వెంటనే మాకు తెలియని మగ గొంతు ఒకటి, "హాయ్ మేఘనా, ఏం క్లాసు?" అంది.

పిల్ల సెట్టును ఒడిలోకి జారవిడిచింది. ఆ గొంతు మంచివాడిదో కాదో నాకు తెలియదు. పక్క కారులో మరో పిల్లకు తండ్రే అయివుండొచ్చు. అయినా ఒళ్ళు మండింది. తెలియని పిల్ల నోట ఇంటి నంబరు విన్నవాడు నోరు మూసుకుని ఛానెల్ మార్చుకోవాలి గాని, పలకరించడమేమిటి? మేఘన చేత అక్కకు ఫోన్ చేయించి, రెండు కార్లలోనూ పదకొండో ఛానెల్‌కు మారిపోయాం.

చేవెళ్ళ, చాయ్

చేవెళ్ళ దాటాక రేకుల పందిరి కింద చాయ్ తాగాం. కప్పు పదిహేను రూపాయలు. మా ఆఫీసు కింద అంతకు సగముండే చాయ్‌కి యాభై తీసుకుని, మట్టి కప్పులో పోసినందుకు కృతజ్ఞత కూడా ఆశిస్తారు. చాయ్ పోసే ఆవిడ అమ్మను చూస్తూనే ఏ ఊరు, ఎవరింటోళ్ళు అని ఆరా తీసింది. మాది నార్సింగి అని అమ్మ చెప్పగానే, అక్కడి పొలాల మీద మేడలు లేచాయట గదా అని ఇద్దరూ కలిసి కాసేపు నిట్టూర్చారు. మా టవర్‌లో లిఫ్టు ఎక్కితే అందరూ నంబర్ల వైపు చూస్తారు. ఇక్కడ చాయ్ చల్లారేలోపు చుట్టరికం కలిపేశారు.

గంపలో సీతాఫలాలున్నాయి. ఆవిడ రెండు కాయలు అమ్మ చేతిలో ఊరికే పెట్టింది. అమ్మ తన మందుల సంచీలో, గ్లూకోజు పొట్లాల పక్కన వాటిని దాచుకుంది. ఎర్ర గుడ్డసంచీ అది. అమ్మ ఎక్కడికి వెళితే అది అక్కడికి వెళుతుంది, అదే అలవాటు.

అనంతగిరి, మొదటి రోజు

సాయంత్రం కొండ అంచున చూడటానికి నిలబడితే, చూడనివ్వని జనం చాలామంది ఉన్నారు. కార్ల డిక్కీలు తెరిచి పాటలు. చిప్స్ కవర్లు గాలికి లోయలోకి. వాటి వెనక "అరె, పోయింది" అనే నవ్వు. వాకీటాకీలు తెచ్చుకున్న కుర్రాళ్ళు కొందరు రెండు జట్లుగా విడిపోయి, ఒకడు "కాపాడండి, కాలు విరిగింది" అని అరవడం, మిగతా వాళ్ళు పకపకలాడటం ఆటగా పెట్టుకున్నారు. నిజంగా ఒకరికి కాలు విరిగిన రోజున ఆ మాట ఎవరు నమ్ముతారు? వెళ్ళి అడిగాను. "చిల్ బ్రో" అన్నారు. నేను చల్లబడలేదు.

రాత్రి దిగిన కాటేజీలో కిచిడీ, ఖట్టా పెట్టారు. పులుపు నాలుకకు తగిలి కోపం కాస్త తగ్గింది. అమ్మ వేళకు తిని, వేళకు పడుకుంది.

లోయ

ఆదివారం పొద్దున అమ్మ సూది వేసుకుని రెండు ఇడ్లీలు తిన్నది. ఆ పూట పథకం ఇది: అక్క, అమ్మ, మేఘన లోయలోకి దిగి వాగు చూసొస్తారు. బావ పైన కార్ల దగ్గర ఉంటాడు, అక్కడొక మూల ఫోనుకు సిగ్నల్ వస్తోందట. నేను దగ్గరి ఊళ్ళో భోజనం చెప్పొస్తాను. ముగ్గురి దగ్గరా మూడు సెట్లు. అమ్మకు ఏమాత్రం తేడా వచ్చినా అక్క పిలుస్తుంది, పైనున్న బావ సాయం తెస్తాడు. కాగితం మీద చక్కగా ఉంది.

నేను వెళ్ళాక జరిగింది అక్క తరవాత చెప్పింది. అమ్మ ఎర్రసంచీ భుజాన వేసుకోబోతే బావ ఆపాడట. దిగుడు బాట, బరువెందుకు అత్తయ్యగారూ, ఏం కావాలన్నా పిలవండి, నేను పట్టుకొస్తాగా అన్నాడట. అల్లుడు అంత ప్రేమగా అంటే అమ్మ కాదనలేదు. సంచీ కారులో ఉండిపోయింది.

ఊళ్ళో బాలమణి అనే ఆవిడ ఇంటి ముందే పొయ్యి పెట్టి వండి పెడుతుంది. జొన్నరొట్టె ఇరవై, నాటుకోడి కూర ప్లేటు రెండు వందల యాభై. కోడి ఉడకడానికి గంట పడుతుందంది. అరుగు మీద కూర్చుని సెట్టు పక్కన పెట్టుకున్నాను. కాసేపటికి అందులో బావ గొంతు.

నన్ను పిలవడం లేదు. ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నార్సింగిలో మూడు పడగ్గదుల ఫ్లాటు ధర, స్కూలు ఫీజులు, తన టీములో ఎవరో మానేసిన కథ. ఆగడం లేదు. అవతలి మనిషి జవాబులు కూడా సన్నగా వినిపిస్తున్నాయి. రొట్టె కొడుతున్న బాలమణి చెయ్యి ఆపి విన్నది. మా బావ అని చెప్పాను.

"మీ బావనా? మస్తు ముచ్చట వెడ్తుండు. ఊపిరి తీస్కుంటడా లేదా ఆయన?"

నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే సంగతి తట్టింది. బావ ఆపకుండా వినిపిస్తున్నాడంటే బటన్ వదల్లేదు. వదల్లేదంటే అతనికేమీ వినపడదు. అతనికి వినపడకపోతే, అక్క పిలిస్తే పలికేవాళ్ళు లేరు. నా సెట్టు బటన్ నొక్కి "బావా, వదులు" అని అరిచాను. ఎవరికి? అతను ఫ్లాటుకు లోను ఎంత వస్తుందో లెక్క చెబుతున్నాడు. కొన్ని సెట్లలో ఎక్కువసేపు నొక్కి ఉంచితే ప్రసారం దానంతటదే ఆగే ఏర్పాటు ఉంటుంది. మా వాటిలో అది లేదు. ఎనిమిది కిలోమీటర్లని అచ్చు వేసినవాడికి ఆ ఒక్క వాక్యం రాయడానికి చోటు దొరకలేదు.

అమ్మ సంగతి రెండు మాటల్లో చెప్పి లేచాను. బాలమణి ఒక బెల్లం ముక్క కాగితంలో చుట్టి నా జేబులో కుక్కింది. ఉత్త చేతుల్తో పోవద్దంది.

రబ్బరు బ్యాండు

పైన కార్ల దగ్గరికి పరుగెత్తేసరికి బావ మడత కుర్చీలో కూర్చుని, కొండాపూర్ నుంచి వచ్చిన ఇంకో టూరిస్టుతో కబుర్లలో ఉన్నాడు. సెట్టు కారు బానెట్ మీద ఉంది. దాని బటన్ మీదుగా రెండు చుట్లు చుట్టి, పొద్దున ఇడ్లీ పార్సిల్‌కు వచ్చిన రబ్బరు బ్యాండు.

"ఇదేంది బావా?"

"ఆఫీసు కాల్‌కి చేసినట్టు బ్రిడ్జి ఓపెన్‌గా ఉంచాను. మాటిమాటికీ నొక్కడం ఎందుకు? అందరం కాల్‌లోనే ఉన్నట్టుంటుంది" అన్నాడు. గర్వంగానే అన్నాడు. పనిని సులువు చేసిన మనిషి గొంతు అది.

బ్యాండు లాగేశాను. సెట్టు వేడెక్కి ఉంది. వెంటనే అందులోంచి అక్క గొంతు, బొంగురుపోయి:

"ఎవలన్న ఉన్నరా? అమ్మకు చెమటలు వడ్తున్నయ్. సంచీ తెండ్రి. జర ఎవలన్న ఇనుండ్రి."

ఎంతసేపటి నుంచి అలా పిలుస్తోందో. ఆ మాటలన్నీ లోను లెక్కల కింద పడి నలిగిపోయాయి. వస్తున్నానని ఒక్క మాట చెప్పి, బటన్ వదిలి, సంచీ అందుకుని దిగాను. వెనక బావ కూడా పరుగెత్తాడు. ఆ బూట్లతో రెండుసార్లు జారాడు. నేను వెనక్కి చూడలేదు.

వాగు ఒడ్డున బండ మీద అమ్మ కూర్చుని ఉంది. చుట్టూ తెలియని మనుషులు. జీడిమెట్ల నుంచి చర్చి తరఫున పిక్నిక్‌కు వచ్చిన కుటుంబాలవి. సుశీలమ్మ అనే టీచరు అమ్మ గడ్డం పట్టుకుని, స్టీలు గ్లాసుతో నిమ్మకాయ షర్బత్ కొంచెం కొంచెంగా తాగిస్తోంది. సెట్టులో పలికేవాళ్ళు లేక అక్క చివరికి మామూలుగా కేక వేసిందట. ఆ కేక వీళ్ళకు వినపడింది. గ్లాసులో అడుగున ఇంకా కరగని చక్కెర కనిపిస్తోంది. బెల్లం ముక్క అమ్మ నోట్లో పెట్టాను. చప్పరించింది. వణుకు తగ్గడానికి కాసేపు పట్టింది. తగ్గాక నన్ను చూసి, "వచ్చినవా కొడుకా" అంది. మాట స్పష్టంగా ఉంది.

సుశీలమ్మ అప్పుడు మా ఇద్దరి వైపూ తిరిగింది.

"ఇంతమంది ఉన్నారు, చేతికో మిషను ఉంది. పెద్దావిడ కొంగున ఒక బిస్కెట్ పొట్లం కట్టలేకపోయారేమండీ?"

బావ నేల చూశాడు. నేనూ చూశాను. చుట్టరికమేమీ లేని ఆ మనుషులు మాకు తమ పులిహోర పెట్టారు. అమ్మ ముందు తిన్నది, తరవాతే మేం.

బాలమణి అరుగు

మధ్యాహ్నం వాలాక బాలమణి దగ్గరికి వెళ్ళాం. కూర పొయ్యి మీదే వెచ్చగా ఉంచింది. అమ్మను కూర్చోబెట్టి మొదటి రొట్టె ఆమెకే వేసింది. రొట్టె మెత్తగా, కూర మిరియాల ఘాటుతో ఉంది. ఆ తిండి గురించి ఇంకో పేజీ రాయొచ్చు. రాయనివ్వని మాట బావ అన్నాడు.

"సెట్లు క్వాలిటీ లేవు. ఇంకాస్త పవర్‌ఫుల్‌వి తీసుకోవాల్సింది."

నేను ఏమన్నానో అంతా రాయను. పవరు తక్కువై కాదు, బటన్ మీద బిగింపు ఎక్కువై ఈ పని జరిగిందన్నాను. ఇంకా శక్తి ఉన్న సెట్టయితే నీ ఫ్లాటు లోను వికారాబాద్ అంతా వినేదన్నాను. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎవరూ వినని కాల్స్‌లో కూర్చుని కూర్చుని, మాట్లాడటమంటే వినడం మానేయడమని మీ ఆఫీసులు నేర్పాయన్నాను. అక్క వద్దంటూ నా మోచెయ్యి లాగింది. బావ ముఖం ఎర్రబడింది. అతను ఏదో అనబోతుంటే అమ్మ రొట్టె పక్కన పెట్టింది.

"నా షుగరు కోసం కొన్నవన్నరు గదా ఇవి. మూడు కొన్నరు. ఆళ్ళకొకటి, ఈళ్ళకొకటి. నా చేతికొక్కటన్న ఇచ్చిన్రా?"

పుప్పాలగూడలో నేను పాఠం చెప్పినప్పుడు అమ్మ వంటింట్లో ఉంది. పిలవాలని ఎవరికీ తోచలేదు.

అమ్మ చెయ్యి చాపింది. "అల్లుడుగారూ, ఇటియ్యుండ్రి."

బావ సెట్టు ఇచ్చాడు. అరుగు మీదే నేర్పించాను. నొక్కి, ఒక ఊపిరి ఆగి, మాట చెప్పి, వదలాలి. మేఘన వాకిలి అవతల నుంచి పలికింది. అమ్మకు రెండోసారికే వచ్చేసింది. "గింతేనా?" అని నా వైపు ఒక చూపు చూసింది.

తిరుగు దారి

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే బయల్దేరాం. ముందు బావ కారు, అందులో వెనక సీటులో అమ్మ, ఒడిలో ఎర్రసంచీ, చేతిలో సెట్టు. బావకు రిలీజ్ తొందర. ఎక్కడా ఆగకుండా రింగ్ రోడ్డు పట్టుకుందామని బయల్దేరేటప్పుడే చెప్పాడు. మన్నెగూడ దాటింది. చేవెళ్ళ దాటింది. రోడ్డు పక్కన మక్కజొన్న కాల్చే పొగలు, టిఫిన్ బండ్ల లైట్లు వెనక్కి వెళ్ళిపోతున్నాయి. బావ వేగం తగ్గించడం లేదు. అతని చెవిలో అప్పటికే ఆఫీసు కాల్ మొదలై ఉంటుంది.

మేఘన ఒడిలోని సెట్టు చిన్నగా గరగరలాడింది. ఒక ఊపిరి నిశ్శబ్దం. తరవాత అమ్మ గొంతు, తొందర లేకుండా, మొదటి మాట తెగకుండా:

"నాకు సూది ఏస్కునే యాళ్ళయితుంది. ముంగట యాడనన్న ఆపుండ్రి. నేను తిన్నంకనే పోదాం."

టక్కుమని బటన్ వదిలిన చప్పుడు. మేఘన నా వైపు చూసింది. ఛానెల్ ఖాళీగా ఉంది, ఎవరైనా కాదనొచ్చు. ఎవరూ కాదనలేదు. ముందు వెళుతున్న కారు వేగం తగ్గింది, ఎడమ వైపు దీపం మిణుకు మిణుకుమంది.